దాళ్వా నీళ్ల వెనక 151 ఊళ్లు

ఊరూ వాడా నీళ్లూ: 6వ భాగం

ఫిబ్రవరి దాటిందంటే మా అత్తిలి చుట్టుపక్కల ఒకటే ఆరా. "సీలేరు వదిలారా?" టీ కొట్టు దగ్గరా అదే, ఎరువుల కొట్టు దగ్గరా అదే, లాకుల మీదా అదే. దాళ్వా వరి పొట్ట మీద ఉంటుంది. గోదావరి ఇసుక తేలుతుంది. కాలువలకు వంతులు పెడతారు. అప్పుడు పైనుంచి సీలేరు నీళ్లు దిగాలి. దిగితే చేను గట్టెక్కుతుంది, లేకపోతే ఎండుతుంది. పశ్చిమ డెల్టాలో 5 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. గోదావరిలో నీరు తగ్గిన ఏళ్లలో దాళ్వాకు కావలసిన నీటిలో సగం దాకా సీలేరు మీదే లెక్క వేసుకుంటారు.

ఆ సీలేరు ఎక్కడుందో మా ఊళ్లో అడిగి చూశాను. "పైన ఎక్కడో" అన్నారు. అందరూ అదే మాట.

మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. "మేడమ్, బొగ్గు కరెంటుకంటే నీళ్ల కరెంటు మంచిది కదా? పొగ లేదు, బూడిద లేదు." ఇబ్రహీంపట్నం బూడిద చూసిన పిల్ల. తన ప్రశ్న న్యాయమైనదే. దానికి పాఠం మధ్యలో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఈ భాగం రాస్తున్నాను. పోయినసారి కాలువ గట్ల మీద మన పేటలు ఎలా లేచాయో చెప్పుకున్నాం. ఈసారి అదే కాలువలో నీటికి ఎదురు నడుద్దాం.

అత్తిలి కాలువ పట్టుకుని పైకి పోతే విజ్జేశ్వరం, ధవళేశ్వరం ఆనకట్ట. 1852లో కాటన్ పూర్తి చేసిన చోటు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు, విగ్రహాలూ ఉన్నాయి. అక్కడి నుంచి పోలవరం, పాపికొండలు, కూనవరం. కూనవరం దగ్గర గోదావరిలో శబరి కలుస్తుంది. శబరి వెంట వెళ్తే ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడూ ఒకదాన్నొకటి తాకే చోట మోటు. అక్కడ శబరిలోకి సీలేరు దిగుతుంది. సీలేరు పట్టుకుంటే ఇక కొండలే. మోతుగూడెం దగ్గర పొల్లూరులో 460 మెగావాట్ల దిగువ సీలేరు విద్యుత్ కేంద్రం. దానిపైన డొంకరాయి, 25 మెగావాట్లు. ఇంకా పైన ఎగువ సీలేరు, 240 మెగావాట్లు. ఆ పైన చిత్రకొండ, బలిమెల జలాశయం. ఇంకా పైకి పోతే నది పేరు మారిపోతుంది. సీలేరు అనరు, మాచ్‌ఖండ్ అంటారు. డుడుమ జలపాతం పక్కన మాచ్‌ఖండ్ కేంద్రం, దాదాపు 120 మెగావాట్లు. దాని పైన జోలాపుట్టు డ్యాం. నది పుట్టింది మాత్రం పాత విశాఖ జిల్లా మాడుగుల కొండల్లో.

అంటే మా చేలో పారే చుక్క మా దాకా వచ్చేలోపు నాలుగు చోట్ల టర్బయిన్ తిప్పి వస్తోంది. కొండలో కరెంటు, డెల్టాలో వరి. ఇంజనీర్లు దీన్ని తెలివైన పద్ధతి అంటారు. నిజంగా తెలివైన పద్ధతే. నీటిని నిల్వ పెట్టిన చోట ఎవరున్నారన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా రాదు, అంతే.

ముందు మాచ్‌ఖండ్. మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాలకు కరెంటు కోసం వేసిన పథకం ఇది. నది రెండు రాష్ట్రాల హద్దు మీద ఉంది కాబట్టి 1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1955లో కరెంటు మొదలైంది. మొదటి పంపకంలో ఆంధ్ర వాటా 70 శాతం, ఒరిస్సా వాటా 30. తర్వాత చెరిసగం చేశారు. కొత్త రాష్ట్రానికి డబ్బు లేదు, మాచ్‌ఖండ్ కరెంటు మాత్రం ఉంది. కోస్తా పట్నాల్లో మిల్లులూ, దీపాలూ దానితోనే వెలిగాయి. ఆ రోజుల్ని పెద్దవాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

జోలాపుట్టు డ్యాం వెనక 34 టీఎంసీల నీరు నిలిచింది. దాని కింద మునిగినవి గదబ, పరజ గిరిజనుల ఊళ్లు, డొంబుల ఇళ్లు. నిర్వాసితుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన వాల్టర్ ఫెర్నాండెజ్ లెక్కల ప్రకారం మాచ్‌ఖండ్ కింద ఇల్లూ వాకిలీ పోయిన కుటుంబాలు 2,938. అందులో సగం ఆదివాసులు. పదో వంతు దళితులు. పునరావాసం దొరికింది 600 కుటుంబాలకు. మిగతావాళ్లు ఏమయ్యారు? ఇంకా పై కొండకు ఎక్కారు, కొత్తగా పోడు కొట్టుకున్నారు. కొన్నాళ్లకు అడవి నరుకుతున్నారని వాళ్ల మీదే కేసులు.

డొంబుల గురించి ఒక మాట చెప్పాలి. కోరాపుట్ కొండల్లో వాళ్లు అంటరాని కులం. నేత నేస్తారు, వాయిద్యాలు వాయిస్తారు, సంతలకు సరుకు మోస్తారు. ఒడిశా జాబితాలో షెడ్యూల్డ్ కులం. ఊరంతా ఆదివాసులదైనా వాళ్ల వీధి విడిగానే ఉంటుంది. మునక వచ్చినప్పుడు ఆదివాసికి కనీసం "ఇది మా తాతల భూమి" అనే మాట ఉంది, పట్టా లేకపోయినా. డొంబుకు ఆ మాట కూడా లేదు. భూమి లేనివాడికి నష్టపరిహారం లేదు. సంత మునిగితే, గిరాకీ చెదిరితే దానికి ఏ కాగితంలోనూ ధర కట్టరు. కొండల్లో కూడా వాడ వాడే.

ఇప్పుడు చిత్రకొండకు వద్దాం. మా దాళ్వాకు అసలు చెరువు అదే. 1960ల మొదట్లో ఆంధ్ర, ఒరిస్సా కలిసి బలిమెల డ్యాం కట్టడానికి ఒప్పుకున్నాయి. నీరు చెరిసగం. ఒరిస్సా తన సగాన్ని బలిమెల కేంద్రం గుండా పొట్టేరు వైపు మళ్లించుకుంటుంది. మన సగం సీలేరులోకే దిగి ఎగువ సీలేరు, డొంకరాయి, పొల్లూరు మీదుగా గోదావరికి వస్తుంది. మార్చి నెలలో మన ఇంజనీర్లు బలిమెల మట్టం చూసుకుంటూ ఉండేది అందుకే.

డ్యాంలో నీరు నిండాక వింత జరిగింది. కొన్ని ఊళ్లు మునిగాయి. మునగని 151 ఊళ్లకు మూడు వైపులా నీరు చుట్టుకుంది, నాలుగో వైపు మన ఆంధ్ర అడవి. బయటి ఒడిశాకు దారి తెగిపోయింది. సుమారు 30 వేల మంది అలా ఉండిపోయారు. సర్కారు వాళ్లకొక పేరు పెట్టింది. "కటాఫ్ ఏరియా." దస్తావేజుల్లో, వార్తల్లో, చివరికి అక్కడి జనం నోట్లో కూడా అదే పేరు పాతుకుపోయింది. తెగ్గొట్టింది ఎవరో ఆ పేరులో లేదు.

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని, మాటల దగ్గర ఆగడం నాకు అలవాటు. మన నీటి భాషలో ఉన్న మాటలు చూడండి. "ముంపు గ్రామం." దానంతట అది మునిగినట్టు, వరదకు మునిగినట్టు. "నిర్వాసితుడు." వాసం లేనివాడు. లేకుండా చేసినవాడు ఆ మాటలో కనపడడు. అన్నిటికంటే నాకు కంపరం పుట్టించేది "త్యాగం." ప్రతి ప్రాజెక్టు శంకుస్థాపనలోనూ నాయకుడు "భూములు త్యాగం చేసిన గిరిజన సోదరులకు" అంటాడు. త్యాగం అనాలంటే ఇవ్వనని చెప్పే హక్కు కూడా ఉండాలి కదా. బలిమెల వెనక ఊళ్లను ఎవరైనా అడిగారా? మన ఊళ్లలో వెట్టి చేసినవాళ్లను కూడా "నమ్మినబంట్లు" అనేవాళ్లు. రెండూ ఒకే భాష.

కటాఫ్ అంటే ఏమిటో బతుకులో చూడండి. రేషన్ కావాలంటే లాంచీ. పురుడు కష్టమైతే లాంచీ. లాంచీ రాని రోజు నాటు పడవ, లేదా కొండ ఎక్కి దిగి రోజంతా నడక. బడి పేరుకు ఉంటుంది, పంతులు అవతలి ఒడ్డున ఉంటాడు. వాళ్ల ఊళ్లను ముంచిన నీటితో తయారైన కరెంటు వాళ్ల తలల మీదుగా తీగల్లో పోయింది. దశాబ్దాల పాటు వాళ్ల ఇళ్లలో దీపం వెలగలేదు. అక్కడికి సర్కారు రాలేదు, అన్నలు వచ్చారు. 2008 జూన్ 29న ఆ జలాశయంలోనే పడవ మీద కాల్పులు జరిగి 38 మంది చనిపోయారు, ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ పోలీసులు. 2016 అక్టోబరులో అదే ప్రాంతంలో రామ్‌గుడ ఎన్‌కౌంటర్, 30 మందికి పైగా చనిపోయారు. మన టీవీల్లో చిత్రకొండ అనే పేరు వినపడింది ఈ రెండుసార్లే. నీళ్లు వదిలినప్పుడు వినపడదు.

వంతెన ఎప్పుడొచ్చిందో తెలుసా? 2018 జులైలో. గురుప్రియ వంతెన, 910 మీటర్లు. ఒక మనిషి పుట్టి పెరిగి మనవల్ని ఎత్తుకునేంత కాలం పట్టింది. ఆ తర్వాత కటాఫ్ ఏరియా అనే పేరు తీసేసి "స్వాభిమాన్ అంచల్" అని పెట్టారు. స్వాభిమానం మన మాట, మన ఉద్యమాల మాట. రోడ్లు పడ్డాయి, తీగలు లాగారు, అది మంచిదే. పాత పేరు ఎందుకు వచ్చిందో మాత్రం కొత్త బోర్డు మీద రాయలేదు.

వంతెన ఒక చోటే వచ్చింది, నది పొడవునా జలాశయాలే. 2021 మేలో, కోవిడ్ రెండో వేవ్ రోజుల్లో, హైదరాబాద్‌లో కూలి పనులు చేసుకుంటున్న ఒడిశా ఆదివాసులు కొందరు ఇంటికి బయల్దేరారు. సీలేరు దాకా వచ్చారు. రాత్రిపూట నాటు పడవల్లో జలాశయం దాటుతుంటే పడవలు మునిగి పిల్లలతో సహా పలువురు చనిపోయారు. వాళ్లు దాటుతున్నది నది కాదు, మన ఎగువ సీలేరు కేంద్రం కోసం నిలిపిన నీరు. అది కూడా యూనిట్ ఖరీదులో కలపాలని నేనంటాను.

ఇక్కడ మనవాళ్లే ఒక ప్రశ్న వేస్తారు. వేయాలి కూడా. "బాబాసాహెబ్ ఆనకట్టలకు అనుకూలం కదా?" అవును, అనుకూలమే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆయన లేబర్ మెంబర్. సాగునీరు, విద్యుత్తు ఆయన శాఖలే. 1943లో విద్యుత్ విధాన కమిటీ ముందు ఆయన వాదన సూటిగా ఉంటుంది. చవక కరెంటు లేకుండా పరిశ్రమ రాదు, పరిశ్రమ రాకుండా పేదరికం పోదు. దామోదర్ లోయ పథకానికి పునాది ఆయన చేతుల మీద పడింది. 1945 నవంబరులో కటక్‌లో ఒరిస్సా నదుల మీద సమావేశంలో కూడా ఆయన మాట్లాడారు. వరదను శాపంగా చూడొద్దు, నీటిని నిలబెట్టి వాడుకోండి అన్నది ఆయన పద్ధతి. గ్రామం అంటే కులపు బందిఖానా అని తెలిసిన మనిషికి కరెంటు విడుదల లాగే కనపడుతుంది. నాకూ అలాగే కనపడుతుంది.

అయితే 1947లో ఆయనే రాసిన "స్టేట్స్ అండ్ మైనారిటీస్" కూడా పక్కన పెట్టుకుని చదవండి. కీలక పరిశ్రమలు ప్రభుత్వానివి. వ్యవసాయ భూమి ప్రభుత్వానిది. దాన్ని కులం చూడకుండా ఊరి జనానికి సమష్టి సాగుకు ఇవ్వాలి, భూస్వామీ ఉండకూడదు, కౌలుదారూ ఉండకూడదు, భూమిలేని కూలీ అసలే ఉండకూడదు. ఆయన కరెంటు ఆ భూమితో కలిసి రావాల్సిన కరెంటు. దేశం ఆనకట్ట తీసుకుంది, భూమిని వదిలేసింది. అలా వదిలేస్తే ఏమవుతుందో చూడ్డానికి జోలాపుట్టు దాకా పోనక్కర్లేదు, మా పేట చాలు.

మా అమ్మమ్మ చెప్పేది. ఊళ్లో రైసుమిల్లుకు కరెంటు వచ్చింది, పెద్ద వీధికి వచ్చింది, గుడికి వచ్చింది. పేటకు రావడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. స్తంభాలు పేట అంచు దాకా వచ్చి ఆగాయి. అమ్మమ్మ కిరసనాయిల్ బుడ్డీ వెలుగులో వండేది, మిల్లు దీపాలు మాత్రం గుమ్మంలోంచి కనపడేవి. దాళ్వా వచ్చాక ఆడవాళ్లకు రెండో పంట నాట్లు, కోతలు దొరికాయి, అది నిజం, తక్కువ చేయను. మా అమ్మ చదివించింది ఆ కూలి డబ్బులతోనే. సీలేరు నీళ్లలో మాకు దక్కింది కూలి, భూమి ఉన్నవాడికి దక్కింది పంట, చిత్రకొండ అవతలివాడికి లాంచీ కోసం ఎదురుచూపు. ఇవాళ మా చుట్టూ ఉన్న వరి చేలు చాలా మటుకు రొయ్యల చెరువులయ్యాయి. కొల్లేరు దాకా రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆక్వాకు సర్కారు రాయితీ మీద యూనిట్ రూపాయిన్నరకు ఇచ్చింది. చెరువుల్లో నాట్లు ఉండవు కాబట్టి మా ఆడవాళ్లకు ఆ కూలి కూడా పోయింది.

ఇక ప్రకృతి లెక్క. నీళ్ల కరెంటుకు పొగ ఉండదు, నిజమే. దాని నష్టం అది పుట్టిన చోట కాకుండా వందల కిలోమీటర్ల దిగువన కనపడుతుంది. నది నీటితో పాటు ఒండ్రు తెస్తుంది. మన డెల్టా మొత్తం ఆ ఒండ్రే. జలాశయాల్లో నీరు నిలబడితే ఒండ్రు అడుగున కూర్చుంటుంది, టర్బయిన్ దాటి వచ్చేది వట్టి నీరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 1970ల్లో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాతి ఏళ్లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఇందులో సీలేరు పాపం కొంతే, గోదావరి మీద మహారాష్ట్ర నుంచి కింది దాకా కట్టిన డ్యాములన్నిటిదీ ఉంది. ఒండ్రు రాని డెల్టా కుంగుతుంది, సముద్రం లోపలికి వస్తుంది. తీరం కోతకు ముందు పోయేది వేటగాళ్ల గుడిసెలు. బీచ్ రిసార్టు వాడు గోడ కట్టుకుంటాడు.

కృష్ణా మీద శ్రీశైలం కథ పెద్దది, దానికి విడిగా ఒక భాగం కావాలి. 1981లో అధికారులు "ఆపరేషన్ డిమాలిషన్" అని పేరు పెట్టి మరీ ఊళ్లు కూల్చారు, సుమారు లక్ష మంది కదిలిపోయారు అన్నంత వరకు ఇక్కడ గుర్తు పెట్టుకోండి. ప్రపంచం మొత్తం మీద పెద్ద ఆనకట్టలు 4 నుంచి 8 కోట్ల మందిని ఇళ్ల నుంచి లేపాయని 2000లో ప్రపంచ ఆనకట్టల కమిషన్ అంచనా కట్టింది. అంచనాలోనే 4 కోట్ల తేడా. ఎవరూ సరిగ్గా లెక్కపెట్టని మనుషులు వీళ్లు.

ఇప్పుడు పోలవరం. మన ఏలూరు జిల్లాలో మన కళ్ల ముందు జరుగుతున్నది. 960 మెగావాట్ల కేంద్రం, లక్షకు పైగా కుటుంబాలు, 370కి పైగా ఆవాసాలు. 2014లో ముంపు మండలాలను తెలంగాణ నుంచి విడదీసి ఆంధ్రలో కలిపారు, ముంచడానికి వీలుగా. 2022 జులై వరదకు కుక్కునూరు, వేలేరుపాడు జనం కొండలెక్కి పాకలు వేసుకుని ఉన్నారు. అందులో ఆదివాసులు ఎక్కువ, వాళ్ల పోరాటం వాళ్లదే, మనం వెనక నిలబడాలి. అక్కడి దళితుల సంగతి మాత్రం మనం కాక ఎవరూ మాట్లాడరు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి కోల్పోయే ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి, లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. చదవడానికి బాగుంది. కానీ "భూమి కోల్పోయే" అన్న చోట ఆగండి. ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులెవరూ భూమి కొనకూడదు, దళితులు కూడా. ఆ చట్టం ఉండాల్సిందే, దాన్ని సడలించమని అడిగేవాడు దళితుల పేరు చెప్పి భూస్వామి పని చేస్తున్నాడు. ఫలితంగా తరతరాలుగా అక్కడ కూలి చేసుకున్న మాల, మాదిగ కుటుంబానికి పోయే భూమి లేదు, కాబట్టి వచ్చే భూమీ లేదు. పునరావాస కాలనీలో ఒక ఇల్లు, చేతిలో కొంత డబ్బు. పని చేసిన పొలాలు, చెరువులో చేప, అడవిలో కట్టె అన్నీ నీటి కింద. మాచ్‌ఖండ్ దగ్గర డొంబుకు జరిగింది 70 ఏళ్ల తర్వాత గోదావరి ఒడ్డున మళ్లీ జరుగుతోంది. ఈసారి చట్టం ఉండి కూడా.

సీలేరు కథ అయిపోలేదు. ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు తలపెట్టారు. పగలు ఎండ కరెంటు మిగిలినప్పుడు కింది జలాశయం నీటిని పైకి తోడతారు, సాయంత్రం అందరూ స్విచ్చులు వేసే వేళకు కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి పట్టే కరెంటు, తిరిగి వచ్చేదానికంటే ఎక్కువే ఉంటుంది. ఇది కొత్త కరెంటు కాదు, కరెంటు దాచే గాదె. అల్లూరి జిల్లాలో, దాని చుట్టుపక్కల ఇలాంటివి ప్రైవేటు కంపెనీలకూ ఇస్తున్నారు, ఆదివాసులు ఎదురు తిరుగుతున్నారు. దీనికి పెట్టిన పేరు "హరిత ఇంధనం."

కాబట్టి మా క్లాసు అమ్మాయికి నా జవాబు ఇది. బొగ్గు కావాలా నీళ్లు కావాలా అని మనల్ని అడిగేవాడిని ముందు మూడు విషయాలు అడుగు. నీరు నిలిచే చోట గ్రామసభ తీర్మానం ఉందా, దానిమీద వేలిముద్రలు ఎవరివి? భూమి లేనివాళ్ల పేర్లు నిర్వాసితుల జాబితాలో ఉన్నాయా? పాత డ్యాం వల్ల లేచినవాళ్ల బాకీ తీర్చాకే కొత్తది మొదలుపెడుతున్నారా? సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. అత్తిలిలో కూర్చుని కూడా వేయొచ్చు, మనం తాగే నీటి గురించే కాబట్టి.

వచ్చే భాగం కొల్లేరు గురించి. అయిదో కాంటూరు లోపల దళితుల పేరు మీద ఉన్న చెరువులు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూద్దాం. మీ ఊళ్ల నుంచి పట్టా కాగితాలు ఉన్నవాళ్లు రాయండి.

జై భీమ్.